నేను తీర్చిన రొట్టెల తీర్పు

ఆ రోజుల్లో ఒక మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలిగితే చాలు, ఆ మాట చెప్పే పని కూడా మనకు వచ్చేసినట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు. తెలుగు పండిత శిక్షణ పట్టా ఇంకా విప్పితే మళ్లీ చుట్టుకుపోయేంత కొత్తగా ఉండేది. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. (నీలం నా రాతలకు, ఎరుపు లోకంలోని తప్పులకు.) ఎవరు ఏం చెబుతున్నా, చెప్పే సంగతి వదిలేసి వాళ్లు వాడిన మాటల పుట్టుక వెంట పడేవాణ్ణి. ఒకసారి నంద్యాల బస్టాండులో ఒకాయన, వాళ్లమ్మకు కడుపునొప్పి అని, ఆసుపత్రికి ఏ బస్సు పోతుందని కంగారుగా అడిగితే, కడుపు అనే మాట గురించి ఆయనకు రెండు నిమిషాలు పాఠం చెప్పిన ఘనుణ్ణి. ఆయన నన్ను కొట్టకుండా వదిలేయడం ఆయన మంచితనం. ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లంతా సిగ్గుతో ముడుచుకుపోతుంది.

అన్ని మాటల్లోనూ నాకు ప్రాణంలాంటి మాట ఒకటుండేది. తీర్పు తీర్చు. దానికి కారణం మా నాయన. ఆయన నంద్యాలలో బడిపంతులు, ఆదివారం వచ్చిందంటే చర్చిలో పెద్ద. ఇంట్లో మామూలుగా 'యాడికి పోయినావు, ఏందీ కత' అని మాట్లాడే మనిషి, నాకూ మా చెల్లెలికీ కొట్లాట వచ్చిందంటే మాత్రం గొంతు సవరించుకుని, ప్రసంగాలు చేసేవాళ్ల భాషలోకి దిగి, "ఇటు రండి, మీకు తీర్పు తీర్చెదను" అనేవాడు. అన్నాక తీర్చేవాడు కూడా. ఇద్దరికీ చెరో రెండు దెబ్బలు పడేవి, కొట్లాటకు కారణమైన బెల్లం ముక్క మళ్లీ డబ్బాలోకి పోయేది. న్యాయం జరిగిందో లేదో మాకు తెలిసేది కాదు గానీ, గొడవ మాత్రం నిజంగానే తీరిపోయేది. ఆ క్రియాపదంలో ఏదో గొప్ప శక్తి ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఎప్పటికైనా నేనూ ఎవరికైనా తీర్పు తీర్చాలని, తీర్చేటప్పుడు గొంతు అలాగే సవరించుకోవాలని కోరిక ఉండేది.

నాకు మొదటి ఉద్యోగం ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో వచ్చింది. నంద్యాల నుంచి రోజూ పోయి రావచ్చు, కానీ నేనెక్కే బస్సు శిరివెళ్ల దగ్గరొకసారి, ఆ తర్వాత ఇంకోసారి అలిసిపోయి ఆగేది, నేను బడికి చేరేసరికి రెండో పీరియడు నడుస్తుండేది. అందుకని ఊళ్లోనే ఒక గది తీసుకున్నాను. గది గురించి చెప్పడానికేమీ లేదు, నాలుగు గోడలుండేవి. తిండి మాత్రం పక్క సందులో పెద్దమ్మ ఇంట్లో. చుట్టరికమేమీ లేదు, మా చర్చి మనిషి. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతుర్ని మిడుతూరుకిచ్చింది. జొన్న రొట్టెలు చేసి నాలాంటి ఒంటిగాళ్లు నలుగురికి పెడుతూ బతికేది. ఊరంతా ఆమెను రొట్టెలమ్మ అనేవాళ్లు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది.

ఆ రొట్టెల గురించి చెప్పకుండా ముందుకు పోతే నా నాలుక నన్ను క్షమించదు. ఉడుకునీళ్లు పోసి పిండి కలిపి, ముద్ద పీట మీద పెట్టి, అరచేత్తో తట్టుతూ తిప్పుతుంటే అది చూస్తుండగానే పెద్ద పళ్లెమంత అయ్యేది. ఎక్కడా ఒక్క పగులు ఉండేది కాదు. పెనం మీద పొంగి, దించాక మెల్లగా అణిగిపోయేది. దాని మీదికి వంకాయ కూర, చెనిక్కాయల చట్నీ. చిన్నప్పుడు తిరగలి మీద పడి ఆమె కుడిచేతి ఉంగరం వేలు వంకరపోయింది. అందువల్ల ఆమె తట్టిన రొట్టె మీద మూడు వేళ్ల అచ్చులు నేరుగా, నాలుగోది పక్కకు తిరిగి కనపడేది. "నూరు రొట్టెల్లో పెట్టినా నీ రొట్టె కళ్లు మూసుకుని చెప్తా పెద్దమ్మా" అని నేను పొగిడితే, "కండ్లు మూసుకుంటే ఎట్ల కనపడతాదప్పా" అని ఇంకొకటి వడ్డించేది.

ఆమె పెరటి గోడవతల, పక్క వీధిలోకి వాకిలున్న ఇల్లు ఖాలాది. వీధి అందరికీ ఆమె ఖాలానే, అంటే పిన్ని. ఆమె భర్త టైలరు, మేమంతా చిచ్చా అనేవాళ్లం. మా బడి పిల్లల నిక్కర్లూ గౌన్లూ ఆయనే కుట్టేవాడు. ముగ్గురు చిన్న పిల్లలు. పెద్దమ్మా ఖాలా గోడ మీదుగా ఉప్పూ నిప్పూ కూరా ఇచ్చిపుచ్చుకునేవాళ్లు, మధ్యమధ్యలో నీళ్ల కొళాయి దగ్గర గట్టిగా పోట్లాడుకునేవాళ్లు కూడా. సాయంత్రానికి మళ్లీ గోడ మీద గిన్నె కనపడేది.

బడిలో చేరిన ఆరు నెలలకు నాకు పొద్దున ప్రార్థనలో 'నేటి మాట' చెప్పే అవకాశం వచ్చింది. రెండు నిమిషాలు చాలన్నారు. నేను ముప్పావు గంట మాట్లాడాను. తీరు అంటే ముగియడం, నెరవేరడం. తీర్చు అంటే ముగించడం, నెరవేర్చడం. ఆకలి తీరుస్తాం, దప్పిక తీరుస్తాం, మొక్కు తీరుస్తాం, వాకిట్లో ముగ్గు తీరుస్తాం. వీటన్నిటికీ తోబుట్టువు తీర్పు. మనిషికున్న కొరతను తీర్చేది గనుక అది తీర్పు, తీర్చేవాడు తీర్పరి. ఇంగ్లీషులో జడ్జి అన్నమాట లాటిన్ నుంచి వచ్చింది, న్యాయం పలికేవాడని దానర్థం. వాళ్లు పలకడంతో సరిపెట్టుకున్నారు, మనవాళ్లు తీర్చేదాకా వదల్లేదు. ఇలా సాగింది. ఎండ నెత్తికెక్కింది. మూడో వరసలో ఆరో తరగతి పిల్లవాడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. వాణ్ణి నీడకు మోసుకుపోతుంటే కూడా నేను ఆపలేదని తోటి మాస్టర్లు చాలాకాలం చెప్పుకున్నారు. (ఆపాను. తీర్మానం అనే మాట సంస్కృతంలా కనబడినా అచ్చంగా మనదేనని చెప్పి ఆపాను.) ఆ రోజుతో నా పేరు పోయి 'తీర్పు సారు' మిగిలింది.

ఆ ఉపన్యాసాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్నవాడు ఒక్క చిచ్చానే. కుట్టిన బట్టల మూట పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను దిగి రాగానే, "మేం ఫైసలా అంటాం సారూ" అన్నాడు. "మా మసీదు హజరత్తు చెప్తాండె, అరబ్బీలో దాని మొదలు వేరు చేసేదంట. నా కత్తెర మాదిరి. కోసేదానికి ముందరే సూసుకోవల్ల, కోసినాంక మళ్లా అతికించేది ల్యాదు." చాలా బాగుందని చెప్పి ఆ ముక్క నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడంతో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు చిచ్చాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మిషను మూలకు చేరింది. ఖాలా నాలుగిళ్లలో పని చేసి ఇల్లు నెట్టుకొచ్చేది గానీ, పిల్లల ముఖాలు చూస్తే తెలిసిపోయేది. సరిగ్గా ఆ సమయంలోనే మా కరస్పాండెంటు సారు బడికి అనుబంధంగా హాస్టలు తెరిచాడు. పిల్లలకు సాయంత్రం జొన్న రొట్టెలు పెట్టాలని, దానికొక మనిషిని జీతానికి పెట్టుకోవాలని అనుకున్నాడు. ఖాలా అడిగింది. అదే రోజు పెద్దమ్మ వీధి పెద్దలు, ఆమెను అడగకుండానే, మా రొట్టెలమ్మ ఉండగా ఇంకెవరికిస్తారని వచ్చి కూర్చున్నారు. ఖాలా వీధివాళ్లు ఊరుకుంటారా, వాళ్లూ వచ్చి కూర్చున్నారు. కరస్పాండెంటు సారుకు అప్పట్లో వార్డు మెంబరుగా నిలబడే ఆలోచన ఉంది. రెండు వీధుల మధ్య ఆయన నిద్ర పట్టక నలిగిపోయాడు. చివరికి నన్ను పిలిపించాడు.

"నాకు రెండు వీధులూ కావల్లప్పా. నువ్వు నంద్యాలోడివి, ఈడ ఓటు లేనోడివి. రొట్టెల పోటీ పెడతాం. నువ్వే తీర్పు తీర్చు" అన్నాడు. ఆ క్రియాపదం అచ్చంగా అలాగే ఆయన నోట వినేసరికి నాకు ఒళ్లు పులకరించింది. అయినా నీతి గుర్తొచ్చి, నేను పెద్దమ్మ ఇంట్లోనే తింటానని సన్నగా చెప్పాను. దానికే ఉపాయం చేశానన్నాడు. ఇద్దరూ ఇంట్లోనే మూడేసి రొట్టెలు చేసి, పళ్లెం మీద గుడ్డ కప్పి పంపాలి. పళ్లెం అడుగున పేరు రాసిన చీటీ మడిచి అంటించాలి. నేను రుచి చూసి, ఏది బాగుందో అందరి ముందూ చెప్పాలి. ఆ తర్వాతే చీటీ విప్పాలి. ఎవరి రొట్టె ఏదో నాకు తెలిసే దారే లేదని సారు మురిసిపోయాడు. వంకర వేలి సంగతి నేను చెప్పలేదు. చెబితే తీర్పరి పదవి ఊడిపోతుంది.

తర్వాత మూడు రోజులు నా మనసులో జరిగినదాన్ని నిజాయితీగా చెప్పాలంటే కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి. మొదటి రోజు పెద్దమ్మే గెలవాలనుకున్నాను. ఆమె రొట్టెకు సాటి లేదు, నేను ఆమె చేతి కూడు తింటున్నాను. రెండో రోజు, ఆమెకే ఇస్తే తినే ఇంటికి కట్టబెట్టాడని ఊరు అంటుందేమోనని భయం పట్టుకుంది. మూడో రోజు అసలు ఆలోచన మెల్లగా బయటికొచ్చింది. పెద్దమ్మ హాస్టలుకు పోతే సాయంత్రాలు మాకు రొట్టెలు ఎవరు తట్టుతారు? ఇక మిగిలింది బస్టాండు హోటలు. దాని సాంబారు నేను రెండుసార్లు తాగాను, రెండుసార్లూ మరునాడు సెలవు పెట్టాను. ఆ క్షణం నుంచి నాకు నిష్పక్షపాతం మీద అమితమైన గౌరవం పుట్టుకొచ్చింది. తినే ఇంటికి వ్యతిరేకంగా తీర్పిచ్చిన మహానుభావుణ్ణని నన్ను నేనే మెచ్చుకుంటూ, గొంతు సవరించుకోవడం అభ్యాసం చేశాను. చిచ్చా పిల్లల ముఖాలు గుర్తొచ్చి ఖాలాకు ఇవ్వాలనుకున్నానని రాస్తే ఎంత బాగుండేది. అప్పుడు అవి నాకు గుర్తు రాలేదు. నా కడుపు గుర్తొచ్చింది.

పోటీ రోజు బడి వరండాలో రెండు వీధులూ నిండిపోయాయి. చిచ్చాకు ఒంట్లో బాగాలేక ఖాలా ఇల్లు కదల్లేకపోయింది. తన పళ్లెం కూడా పెద్దమ్మ చేతికే ఇచ్చి పంపింది. పెద్దమ్మ రెండు పళ్లేలూ తెచ్చి బల్ల మీద పెట్టి, గోడ వారగా నిలబడింది. నేను గుడ్డలు తీశాను. కుడివైపు పళ్లెంలో మూడు అచ్చులు నేరుగా, ఒకటి పక్కకు తిరిగి ఉంది. ఇంక రుచి చూడాల్సిన పనే లేదు. అయినా చూశాను, రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. ఎడమవైపువి కొంచెం మందం, అంచుల్లో పగుళ్లు, ఒకటి మధ్యలో కాస్త మాడింది. పాపం, రోగిని చూసుకుంటూ చేసిన రొట్టెలు.

నేను గొంతు సవరించుకున్నాను. ఎడమ పళ్లెం గెలిచిందని చెప్పాను. ఊరికే చెబితే పోయేది, కారణాలు కూడా చెప్పాను. పలచటి రొట్టె చూడ్డానికి బాగుంటుంది గానీ ఎదిగే పిల్లలకు మందమే బలమన్నాను. అంచులు పగలడం పిండిలో కల్తీ లేదనడానికి నిదర్శనమన్నాను. మాడిన చోట ఒక కమ్మదనం ఉందన్నాను. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. కరస్పాండెంటు సారు ఎడమ పళ్లేన్ని పైకెత్తి అందరికీ చూపించి, అడుగున ఉన్న చీటీ పీకి చదివాడు. దాని మీద పెద్దమ్మ పేరుంది.

ఆమె వీధి వాళ్లు ఈలలు వేశారు. అవతలి వీధి నుంచి, "తినే ఇంటికే ఏసుకున్యాడు, ఇంకేమి తీర్పు" అని ఒక గొంతు గట్టిగానే వినపడింది. నూరింటిలో గుర్తుపడతానన్న రొట్టెను రెండింటిలో గుర్తుపట్టలేకపోయానా? నా కళ్లే నన్ను మోసం చేశాయా? మాట పడకూడదనీ, తిండి పోకూడదనీ ఇంత పన్నాగం పన్నితే, మాటా పడ్డాను, తిండీ పోయింది. పెద్దమ్మ వైపు చూశాను. గెలిచినావిడ ముఖం అలా ఉండదు. కొంగు దోపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం తిండికి పోవాలంటే భయమేసింది, ఆకలి కూడా వేసింది, పోయాను. మిగతా ముగ్గురూ తిని లేచేదాకా ఆమె వడ్డిస్తూనే ఉంది. తర్వాత నా ముందు కూర్చుని, "నా చెయ్యి నీకు తెల్దా అప్పా?" అని అడిగింది.

తెలియలేదు పెద్దమ్మా, పొరపాటు పడ్డానన్నాను. ఆమె నా కళ్లలోకి చూస్తూనే ఉంది. నేను పళ్లెంలోకి చూశాను. అప్పుడు చెప్పింది. దారిలో పళ్లేల అడుగున చీటీలు మార్చింది తనేనట. తన రొట్టెల కింద ఖాలా పేరు, ఖాలా రొట్టెల కింద తన పేరు అంటించిందట. ఉద్యోగం ఖాలాకు రావాలని ఆమె కోరిక. తను తప్పుకుంటానంటే వీధి పెద్దలు ఒప్పుకోరు. జాలిపడి వదిలేసిందని తెలిస్తే ఖాలా ఆ పని ముట్టుకోదు, అంత అభిమానం మనిషికి. అందుకని ఇలా చేసింది. ఈ అబ్బి నా వేలి గుర్తు చూసి నా రొట్టెలకే వేస్తాడు, చీటీ విప్పితే ఖాలా పేరు వస్తుంది, అతని మీద మాటా రాదు, ఖాలా ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది అని లెక్క. ఆ లెక్కంతా నిలబడింది ఒక్క నమ్మకం మీద. నేను ఆమె చేతిని వదలనని.

"నన్ను ఓడగొట్టబోయి గెలిపిచ్చినావు కదప్పా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనివుంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి, ఇంత కాలం గుర్తుండేది కూడా కాదేమో. ఎందుకు చేశానో అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. నా పళ్లెంలో కూర అయిపోతే చూసి వడ్డించింది. తీర్చడమంటే ఎదుటివాళ్ల కొరత తీర్చడమని ముప్పావు గంట చెప్పిన పండితుణ్ణి, నా ఒక్క ఆకలి తీర్చుకోవడం దగ్గర ఆగిపోయాను. ఏడుపొచ్చింది. చట్నీ కారంగా ఉందన్నాను.

ఇప్పుడేం చేయాలి? చీటీల సంగతి బయటికి రాకూడదని పెద్దమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అది చెబితే ఖాలాకు దానం చేసినట్టవుతుంది, ఆమె దగ్గరికే రాదు. చెప్పకపోతే ఉద్యోగం పెద్దమ్మకే ఉండిపోతుంది. రెండు రోజులు జ్వరం వచ్చిన వాడిలా తిరిగాను. పిల్లల సంధుల్లో తప్పులు కూడా దిద్దలేదు. మూడో రోజుకు ఒక్కటే దారి కనపడింది. ఊరు నా మీద వేసిన నింద ఉందే, తినే ఇంటికి కట్టబెట్టాడని, దాన్నే నిజమని ఒప్పుకోవాలి. పక్షపాతం చేశానంటే పోటీ చెల్లదు, పని ఖాలాకు పోతుంది. నేను చేసిన తప్పు దిద్దాలంటే చేయని తప్పు నెత్తిన వేసుకోవాలి. ఇరవై మూడేళ్ల వయసులో, రెండు వీధుల ముందు, నా విద్యార్థుల ముందు.

మళ్లీ వరండాలో అందరినీ పిలిపించారు. ఈసారి గొంతు సవరించుకున్నా నాయన గొంతు రాలేదు. "ఆ రొట్టె నేను తినే ఇంటిదని గుర్తుపట్టే వేసినాను. నాది తప్పు. ఈ పని ఖాలాకు చెందాల" అని నంద్యాల మాటల్లోనే చెప్పాను. గ్రాంథికం ఒక్క ముక్క గుర్తు రాలేదు. పెద్దమ్మ వీధి వాళ్లు నన్ను తిట్టారు, ఖాలా వీధి వాళ్లు ముందే చెప్పాం కదా అన్నారు. కరస్పాండెంటు సారు, నాకు ముందే అనుమానమని, చదువుకున్నోడివి ఇట్ల చేస్తావా అని, రెండు వీధులకూ నచ్చేలా నన్ను ఒక పావుగంట కడిగాడు. (ఆ ఎన్నికల్లో గెలిచాడు కూడా.) తీర్పు సారు పోయి, ఆ రోజు నుంచి నేను 'రొట్టె సారు'. ఆళ్లగడ్డలో ఉన్న మిగతా నాలుగేళ్లూ, నల్లబల్ల వైపు తిరిగితే చాలు, వెనక బెంచీల నుంచి టపటపమని రొట్టె తట్టే చప్పుడు వచ్చేది. ఖాలా హాస్టల్లో చేరింది. పెద్దమ్మ మా నలుగురికీ రొట్టెలు పెడుతూనే ఉంది. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. పెద్దమ్మ పోయి కూడా చాలాకాలమైంది. నేను నంద్యాల చేరి, పెళ్లి చేసుకుని, ప్రధానోపాధ్యాయుణ్ణి కూడా అయ్యాను. పోయినేడు ఖాలా మనవడి పెళ్లికి పిలుపు వస్తే ఆళ్లగడ్డ వెళ్లాను. ఖాలాకు కళ్లు కనపడడం లేదు. చెయ్యి తడిమి గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. చిచ్చా గురించీ, హాస్టలు గురించీ, పిల్లలు ఎలా నిలదొక్కుకున్నారో ఆ సంగతులన్నీ చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ, పక్కనున్న వాళ్లు బిర్యానీ వైపు లేచి పోగానే, గొంతు తగ్గించి, "ఆ పొద్దే నాకు తెలుసు సారూ" అంది.

నాకు అర్థం కాలేదు. పోటీ రోజు చిచ్చా కాస్త కునుకు తీస్తే, ఆమె ఉండబట్టలేక బడి గేటు దాకా వచ్చిందట. కరస్పాండెంటు సారు పళ్లెం పైకెత్తినప్పుడు దూరం నుంచే చూసిందట. "నా రొట్టెలు నాకు తెల్దా? ఒకటి మాడిండె గదా. మా ఆయన దగ్గుతాంటే లేసిపోయినా, అంతలోనే మాడె." మొదట పెద్దమ్మ తన రొట్టెలు దొంగిలించి గెలిచిందనుకుందట. రెండు రోజులు గోడ వైపు చూడలేదట. మూడో రోజు నేను వరండాలో తప్పు ఒప్పుకున్నాక, పెద్దమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి, పని నీకే వచ్చిందని చెప్పి కౌగిలించుకుని ఏడ్చిందట. "దొంగకు అంత సంతోసమెందుకుంటాది సారూ? అప్పుడు తెలిసె, నా కోసరమే మార్చిందని. నువ్వూ అబద్దమే చెప్తాండావని తెలిసె. నా రొట్టెను ఆమెదని ఎట్ల గుర్తుపడతావు నువ్వు?"

మరి ఆ సంగతి పెద్దమ్మతో ఎందుకు అనలేదని అడిగాను. "ఆమె దాచిపెట్టుకున్యాది. అది కూడా నేను గుంజుకోవల్లనా?" అంది ఖాలా. పెద్దమ్మ పోయేదాకా ఆ ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండి, ఒకరి అభిమానాన్ని ఒకరు కాపాడుకుంటూ వచ్చారు. మధ్యలో తీర్పరినని కూర్చున్నవాడికి ఒక్క ముక్క తెలియలేదు.

ఖాలా నా చెయ్యి వదల్లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అదంతా పోనీ. నువ్వు మాత్రం నా రొట్టె బాగుండాదనే ఏసినావు గదా? ఎవరిదో తెల్వకనే, అంతమందిలో, అన్ని మాటలు చెప్తివి. మందంగా ఉండాదని, బలమని. పొయ్యి ముందర కూచున్న ప్రతి పొద్దూ ఆ మాటలే తలుచుకుంటాంటి సారూ. రొట్టెలమ్మ రొట్టె కంటే నాదే బాగుండె గదా?"

వరండా, రెండు పళ్లేలు, కుడి పళ్లెంలో నేను అదనంగా తిన్న ఆ రెండు ముక్కలు, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. "నీదే ఖాలా. నీదే బాగుండె" అన్నాను. ఆమె తల ఊపి, చూపు లేని కళ్లతో పెళ్లి పందిరి వైపు తిరిగి, చాలాసేపు నవ్వుతూ కూర్చుంది.

తిరుగు బస్సులో నాకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నో వక్తృత్వ పోటీలకూ పాటల పోటీలకూ న్యాయనిర్ణేతగా కూర్చున్నాను, ఒక్క తీర్పుతోనూ ఇంత తృప్తి కలగలేదు. అది పచ్చి అబద్ధం కావడం నా అదృష్టం. ఆ ఇరవై మూడేళ్ల పండితుడు పక్క సీట్లో ఉంటే తప్పు పట్టేవాడే, కానీ వాణ్ణి చూస్తే ఇప్పుడు కోపం రావడం లేదు, రెండు రొట్టెలు పెట్టి పంపాలనిపిస్తోంది. ఈ నాలుగు ముక్కలూ ఖాలా చదవలేదు గనుకే ఇంత ధైర్యంగా రాశాను. ఆళ్లగడ్డలో ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను, కుడి పళ్లెం సంగతి వచ్చినప్పుడల్లా దయచేసి ఎడమ అని చదవండి.